ఫెడివర్సు: అందు అణగారినవారి చోటు, రక్షణ

జనులు కూడి మాటలాడుకొను చోటు ఒకప్పుడు ఊరి రచ్చబండ. ఆ బండపై ఎవరు కూర్చుండిరి, ఎవరు దూరముగా నిలిచి వినవలసివచ్చెను, ఎవరు ఆ దరికే రాలేకపోయిరి అను సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. నేడా రచ్చబండ సెల్‌ఫోనులోనికి వచ్చి చేరినది. పై తరగతుల విద్యార్థులలో దానిని చూడనివారు అరుదు. కావున ఈ క్రొత్త రచ్చబండను గూర్చియు ఆ పాత ప్రశ్ననే అడుగవలసియున్నది. ఇచ్చట ఎవరికి చోటున్నది? చోటు దొరకినవారికి రక్షణ యున్నదా? సామాజిక మాధ్యమము లన్నిటిని విచారించుటకు ఈ పుటలు చాలవు. వికేంద్రీకృతములని పేరుపొందిన వానిని మాత్రము తీసికొందము. దళితులు, నల్లజాతివారు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులు మొదలగువారు వానిలో ఆశతో చేరిరి. కొందఱి యాశ నెరవేరినది. కొందఱు గాయపడి వెడలిపోయిరి. రెండును ఏల జరిగెనో తెలిసికొనుట మన పని.

ముందుగా పదమున కర్థము. ఫేస్‌బుక్కు వంటి మాధ్యమమున కోటానుకోట్ల జనులున్నను యజమాని యొక్కడే, నియమావళి యొక్కటే. వికేంద్రీకృత మాధ్యమము తపాలావంటిది. మచిలీపట్టణమున పెట్టెలో వేసిన ఉత్తరము జర్మనీలోని యొక పల్లెకు చేరును. ఆ రెండు తపాలా కచేరులకు యజమాని యొక్కడు కాడు. ఉత్తరములను ఇచ్చిపుచ్చుకొను పద్ధతి మాత్రమే యొక్కటి. 2016లో జర్మనీ దేశమున యూజెన్ రోచ్కో అను యువకుడు మాస్టొడాన్ అను ప్రోగ్రామును ఈ తీరున రచించి లోకమున కుచితముగా నిచ్చెను. ఎవరైనను దానిని తీసికొని తమ కంప్యూటరుపై నడుపుకొనవచ్చును. అట్లు నడచు ఒక్కొక్క కంప్యూటరును సర్వరు అందురు. దానిని కనిపెట్టియుండువాడు నిర్వాహకుడు. ఒక సర్వరు సభ్యుడు వేఱొక సర్వరు సభ్యుని వ్రాతలను చదువవచ్చును, బదులీయవచ్చును. వాని నడుమ నడచు పద్ధతికి యాక్టివిటీపబ్ అని పేరు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము దానిని 2018 జనవరి 23వ తేదీన ప్రమాణముగా ఆమోదించినది. ఈ పద్ధతి ననుసరించు సర్వరులన్నిటికి కలిపి ఫెడివర్సు అని వాడుక.

ప్రతి సర్వరునకు దాని నియమములు దానికే యుండును. నిర్వాహకుడు తన సభ్యుని హద్దులో ఉంచవచ్చును, వెలుపలికి పంపవచ్చును. పొరుగు సర్వరు దుర్మార్గులకు ఆటపట్టైనచో దాని వ్రాతలు తనవారికి ఊరక కనబడకుండ పరిమితము చేయవచ్చును, లేదా రాకపోకలనే త్రెంచివేయవచ్చును. ఈ త్రెంచుటయే ఫెడివర్సునందలి పెద్ద ఆయుధము.

మన దేశమువారు ఈ సంగతిని విశేషముగా గుర్తించినది 2019 నవంబరు మాసమున. అంతకు కొలదిదినములకు ముందు ట్విట్టరు సంస్థ, సుప్రీముకోర్టు సీనియరు న్యాయవాది యైన సంజయ్ హెగ్డే గారి ఖాతాను నిలిపివేసినది. ఆయన తన పుటపై 1936లో హాంబర్గు ఓడల కర్మాగారమున తీసిన యొక ఛాయాచిత్రము నుంచియుండెను. నాజీ వందనము చేయుచున్న గుంపులో ఆగస్టు లాండ్‌మెస్సరని చెప్పబడు నొక్కడు మాత్రము చేతులు కట్టుకొని నిలిచిన చిత్రమది. ద్వేషమును ధిక్కరించు చిత్రమే ద్వేషచిత్రమని యెంచబడినది! ఆక్షేపణల పిమ్మట ఖాతా తిరిగి వచ్చినది. వెంటనే మరల పోయినది. ఈ మాఱు కారణము గోరఖ్ పాండే అను హిందీ కవి వ్రాసిన కవిత నొకదానిని ఆయన పూర్వము పంచుకొనియుండుట. ఆ కవిత 1975 డిసెంబరు 1వ తేదీన ఉరితీయబడిన మన తెలుగు రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడులను గూర్చినది. దాని పేరులో 'ఉరి' యను మాట యున్నది. కవి ఎత్తిపొడుపుగా వాడిన మాటను దూరముననున్న తీర్పరులు హింసకు పురికొల్పుటగా చదివిరి కాబోలు.

అదే మాసమున దిలీప్ మండల్ అను పాత్రికేయుని ఖాతాపై ఆంక్షలు పడగా, దళిత బహుజన వర్గములవారు వేఱొక ఫిర్యాదును బిగ్గరగా వినిపించిరి. గౌరవచిహ్నమైన నీలిగుర్తు అగ్రకులములవారికి సులభముగా దొరకుచున్నదనియు, తమకు దొరకుటలేదనియు వారి యారోపణ. సంస్థవారు పక్షపాతము లేదని చెప్పిరి. అంతకు సరిగా ఒక సంవత్సరము ముందు, 2018 నవంబరులో, ట్విట్టరు అధిపతి జాక్ డార్సీ మన దేశమునకు వచ్చినప్పుడు బ్రాహ్మణీయ పితృస్వామ్యమును కూల్చుడని వ్రాసిన పటమును చేతబట్టుకొని ఫొటో దిగెను. దానిపై కలకలము చెలరేగగా సంస్థ వెనుకడుగు వేసినది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి, ఆ సంస్థకు కులమనగా నేమో తెలియదనియు, తెలిసికొనుటకు తొందరయు లేదనియు తోచినచో ఆశ్చర్యము లేదు. వేలకొలది భారతీయులు ఆ నవంబరున మాస్టొడాన్ తలుపు తట్టిరి.

వారు వచ్చినందున ఏమి జరిగినది? వారిలో పెక్కురు కొన్ని వారములకే తిరిగిపోయిరి. బంధుమిత్రులందఱు పాతచోటనే యుండిరి గదా. కాని యొక ఫలము నిలిచినది. మాస్టొడాన్ సంస్థ తానే నడుపు పెద్ద సర్వరుయొక్క నియమములలో నిషిద్ధముల పట్టికయందు జాతివివక్ష, లింగవివక్షలతోబాటు కులవివక్ష యను మాటయు నేడు చేరియున్నది. అదే సంస్థ 2019 మే మాసమున ప్రకటించిన సర్వరుల ఒడంబడికలో జాతి, లింగ వివక్షలును, స్వలింగ ప్రేమికులపైనను ట్రాన్స్‌జెండరు వ్యక్తులపైనను చూపు ద్వేషమును పేర్కొనబడినవి గాని కులము పేరెత్తబడలేదు. ఒక్క మాటయే గదా యని చదువరులు తేలికగా తీసికొనరాదు. నియమమున పేరులేని యన్యాయమును గూర్చి ఫిర్యాదు చేయువాడు, మొదట అది యన్యాయమే యని ఋజువు చేయవలసియుండును. పేరున్నచో ఆ శ్రమ తప్పును.

తలుపు మూయు అధికారము ఎంత మేలుచేయగలదో అదే 2019 సంవత్సరమున రుజువైనది. అమెరికాలో గ్యాబ్ అను మాధ్యమ మొకటి కలదు. 2018 అక్టోబరు 27వ తేదీన పిట్స్‌బర్గు నగరపు యూదుల ప్రార్థనామందిరమున పదునొకండుగురిని చంపినవాడు, ఆ పనికి పూనుకొనుటకు ముందు తన ద్వేషమును వెళ్లగ్రక్కినది ఆ మాధ్యమముననే. 2019 జూలైలో గ్యాబువారు మాస్టొడాన్ ప్రోగ్రామునే తీసికొని వాడుకొన మొదలిడిరి. ఉచితమైన ప్రోగ్రామును వాడవద్దని ఆపుట కెవరికిని హక్కులేదు. అయినను సర్వరుల నిర్వాహకులు ఒక్కరొక్కరుగా గ్యాబుతో రాకపోకలు త్రెంచివేసిరి. కొందఱు యాప్ రచయితలు తమ యాపులందు దానికి ప్రవేశమే లేకుండ చేసిరి. గ్యాబు అతిపెద్ద సర్వరయ్యును, దాని మాటలు వినువారు దానిలోనివారే యైరి. ఏ ప్రభుత్వపుటాజ్ఞయు లేక, ఏ యొక్క యజమానియు శాసింపక, చిన్న చిన్న నిర్వాహకులు చేసిన పని యిది. నా యెఱిగినంతలో వికేంద్రీకరణమునకు ఇంతకు మించిన ప్రశంసాపత్రము లేదు.

ఇక రెండవ ప్రక్క. అమెరికాలో నల్లజాతివారును ఇతర వర్ణములవారును కూడి ప్లేవిషస్ అను సర్వరును నడిపిరి. పాటలు, పరిహాసములు, ఇంటి సంగతులు, రాజకీయములు, ఇట్లు తమ మాట తాము జంకులేక మాటలాడుకొనుటకు కట్టుకొనిన యిల్లది. దానిపై ఇతర సర్వరులనుండి జాతిదూషణ ఎడతెగక వచ్చిపడినది. ఒక దుష్ట సర్వరును త్రెంచినచో మరునాడు మరియొకటి పుట్టుచుండెను. త్రెంచవలెనన్నచో ముందు ఆ తిట్టును ఎవరో చదువవలెను గదా! చదివినవారు ఆ యింటివారే. అనగా ఎవరి రక్షణకై తలుపు పెట్టబడెనో, వారే పగలు రేయి ఆ తలుపుకడ కావలి కూర్చుండి దెబ్బలు తినవలసివచ్చినది. ఆ బాధలోనుండి యొక ఉపాయము పుట్టినది. ఆ సర్వరుతో సంబంధముగల మార్సియా ఎక్స్ అను వారు, మరియొకరి తోడ్పాటుతో, దుష్ట సర్వరుల పేరులను నిర్వాహకులందఱకు తెలుపుటకై ఫెడిబ్లాక్ అను గుర్తుమాటను వాడుకలోనికి తెచ్చిరి. నేటికిని ఫెడివర్సంతయు దానిని వాడుచున్నది. సొంత తగవులు తీర్చుకొనుటకు దానిని వాడువారును బయలుదేరిరి. అది వేఱు సంగతి. ఆ ఉపాయమును కనిపెట్టినవారి యిల్లు మాత్రము 2020లో మూతపడినది.

ఇట్టి కష్టములు చెప్పుకొనినవారికి ఫెడివర్సున తఱచుగా దొరకు జవాబొకటి కలదు: నీకు నచ్చనిచో నీ సర్వరు నీవు పెట్టుకొనుము. ఈ మాటను చెప్పువారు స్వేచ్ఛనే యిచ్చుచున్నామని తలంతురు. కాని మన దేశమున పుట్టినవారి చెవికి ఇది క్రొత్త మాట కాదు. ఊరిబావి ఊరివారికి, మీ బావి మీరు త్రవ్వుకొనుడని దళితవాడలతో మన పెద్దలు చెప్పినది ఇదియే. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కరు గారు వేలకొలది జనులతో మహాడ్ పట్టణమున చవదార్ చెరువుకడకు నడచి ఆ నీటిని త్రాగినది వేఱొక బావి దొరకక కాదు. అందఱికి చెందిన నీటియందు తమకును హక్కు కలదని స్థాపించుటకు. సొంత సర్వరు పెట్టుకొను స్వేచ్ఛ విలువైనదే. అది ఉమ్మడి చోటునుండి వెడలగొట్టుటకు సాకు కారాదు.

2022 అక్టోబరు 27వ తేదీన ఈలాన్ మస్కు 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టరును కొనుటతో ఫెడివర్సునకు వఱదవలె జనము వచ్చిరి. మాస్టొడాన్ సంస్థవారి లెక్క ప్రకారము నెలకు వాడువారి సంఖ్య సుమారు 3 లక్షలనుండి రెండు మాసములలోనే 25 లక్షలకు పెరిగినది. వచ్చిన నల్లజాతివారికి ఒక విచిత్రమైన మర్యాదపాఠము ఎదురైనది. మాస్టొడానులో మనసు నొప్పించు విషయము వ్రాయునప్పుడు దానిపై హెచ్చరిక తెర యొకటి కప్పి, ఇష్టమున్నవారే తెర తీసి చదువుకొనునట్లు చేయవచ్చును. మంచి యేర్పాటే. కాని తమకు జరిగిన జాత్యవమానమును వ్రాసికొనినవారిని సయితము, దానిపై తెర కప్పుడని తెల్లజాతి సభ్యులు కోరసాగిరి. జొనాథన్ ఫ్లవర్సు అను నల్లజాతి తత్త్వశాస్త్రాచార్యుడు ఆ నవంబరున దీనిని ఘాటుగా విమర్శించెను. దెబ్బ తగిలినవాని మూలుగు, కొట్టినవాని ఇరుగుపొరుగు నిద్రకు భంగమగుచున్నదని గుడ్డ కప్పినట్లున్నది ఈ మర్యాద.

ఉటంకింపు కథయు ఇట్టిదే. ఇతరుని వ్రాతను చూపి దానిపై తన మాటను చేర్చి ప్రకటించుట ట్విట్టరులో వాడుక. అది వెక్కిరింపునకును గుంపుదాడులకును దారితీయునని రోచ్కో దానిని మాస్టొడానులో పెట్టలేదు. నల్లజాతివారికి మాత్రము అది ఒకరి మాట కొకరు వంతపాడుకొను సంభాషణపద్ధతి. ఒకరికి కవచమైనది మరియొకరికి నోటికి తాళమైనది. ఏండ్ల చర్చ పిమ్మట 2025లో మాస్టొడాన్ దానిని ప్రవేశపెట్టినది గాని, తన వ్రాత నెవరు ఉటంకింపవచ్చునో నిర్ణయించు హక్కును, వలదనుకొనినచో తరువాత తొలగించుకొను హక్కును వ్రాసినవానికే యిచ్చినది. ఇరుపక్షముల మాటను వినినచో ఉపాయము దొరకునని దీనివలన తెలియుచున్నది. ఇంత ఆలస్యముగా వినుట యేలనో మాత్రము తెలియదు.

చిన్న యిండ్లకు గల యితర యపాయములను క్లుప్తముగా చెప్పెదను. 2024 ఫిబ్రవరిలో క్వీర్ వర్గమువారి సర్వరొకటి ఉన్నట్టుండి మూగవోయినది. దాని చిరునామా చివర ఆఫ్‌గనిస్థాన్ దేశపు అక్షరములుండుటచే, ఆ దేశమునేలు తాలిబానులు ఆ చిరునామాను రద్దుచేసిరి. 2023 మేలో అమెరికా ఎఫ్.బి.ఐ. వారు కొలెక్టివా అను సర్వరు నిర్వాహకులలో ఒకరి యింటిని సోదాచేసి, సభ్యుల సమాచారమంతయు గల ప్రతి నొకదానిని పట్టుకొనిపోయిరి; సోదాకు కారణము ఆ సర్వరు కాదు. నిర్వాహకులలో పెక్కురు జీతము లేక పనిచేయువారు. అలసటయు వేధింపులును ఓర్వలేక వారు చేతులెత్తివేసినచో వేలకొలది సభ్యులు ఒక్క మాఱుగా ఇల్లు వెదకికొనవలసివచ్చును. వెళ్లువారు తమ్ము అనుసరించువారిని వెంటబెట్టుకొని పోగలరు. పాత వ్రాతలను తీసికొనిపోలేరు. 2019 నాటి ఒడంబడిక, మూసివేయుటకు కనీసము మూడు మాసముల ముందు తెలుపవలెనని నియమించినది ఇందులకే. నిర్వాహకులకు సాయపడుటకై వెలసిన ఇఫ్టాస్ అను లాభాపేక్షలేని సంస్థ సయితము ధనము చాలక 2025లో తన సేవలలో పెక్కింటిని నిలిపివేసినది.

బ్లూస్కై అను మాధ్యమము దీనినే వేఱొక రీతిని చేయజూచినది. అందు ఇల్లు వేఱు, కావలి వేఱు. చెడు వ్రాతలకు గుర్తులు తగిలించు సేవలను ఎవరైనను నడుపవచ్చును; సభ్యుడు తనకు నమ్మకమున్న సేవను ఎన్నుకొనవచ్చును. 2023లో రూడీ ఫ్రేజరు అను వారు అచ్చట నల్లజాతివారికై బ్లాక్‌స్కై అను కూటమిని నెలకొల్పిరి. నల్లజాతివారిపై దూషణను నల్లజాతివారే గుర్తించి తొలగించు సేవ యది. పిమ్మట తన సొంత సర్వరులను సయితము కట్టుకొనినది. ప్లేవిషస్ వలె ఇల్లు మూసికొని పోవలసిన యవసరము లేక, ఉమ్మడి వీథిలోనే యుండి తమ కావలిని తాము పెట్టుకొనుట దీని విశేషము. కావలివాండ్ర శ్రమ మాత్రము ఇందును తప్పలేదు.

తెలుగువారమైన మనకు ఇందొక ప్రత్యేకమైన చిక్కు కలదు. మన భాషలో అవమానము తిట్టుమాటలోనే యుండనక్కఱలేదు. డెబ్బది యేండ్ల ముసలివానిని పదియేండ్ల బాలుడు "ఏమిరా" యని పిలిచిన కాలమును మన జిల్లాలలో చూచినవారు ఇంకను జీవించియున్నారు. "ఏమిరా" యనునదియు, "ఏమండీ" యనునదియు యంత్రానువాదమున పడి ఇంగ్లీషునకు పోయినచో రెండును ఒక్క తీరుగనే తేలును. మధ్యనున్న కొరడా మాయమగును. "మీ ఇంటిపేరేమి?" యను ప్రశ్నను జర్మను నిర్వాహకుడు చూచినచో కుశలప్రశ్న యనుకొనును. ఆ ప్రశ్న ఎదుటివాని కులమును బయటికి లాగుటకు వేసిన గాలమని తెలుగు పిల్లవానికి ఎవరును చెప్పనక్కఱలేదు. పేరు దాచుకొని వ్రాయుచున్న దళిత బాలికను గుర్తుపట్టి వెంటాడుటకు ఆ యొక్క ప్రశ్న చాలును. నియమమున కులవివక్ష యను మాట చేరినంతమాత్రమున ఈ గాలము కనబడదు. దానిని చదువగలవారు, అందును ఆ దెబ్బ ఎఱిగినవారు, కావలివాండ్రలో ఒకరైనను ఉండవలెను. ఎఱుగనివానికి అధికారమిచ్చుట ఒక యపాయము. అగ్రకులాభిమానికే యిచ్చినచో కంచె చేను మేసినట్లగును.

కావున ఏదేని సర్వరులో చేరదలచిన విద్యార్థియు, అనుమతి నీయదలచిన తలిదండ్రులును ముందుగా ఆ సర్వరు పరిచయపుటను తెఱచి చూడవలెను. నియమములు, నిర్వాహకుని పేరు, మాస్టొడానులో నైనచో పెక్కు సర్వరులందు త్రెంచివేయబడిన సర్వరుల పట్టికయు అచ్చటనే యుండును. నిర్వాహకు లెందఱు? ఒక్కడేనా? తెలుగు చదువగలవా రున్నారా? ఫిర్యాదు వచ్చినచో ఎవరు చూతురు? నియమములందు కులము పేరున్నదా? లేనిచో చేర్చుడని ఉత్తరము వ్రాయవచ్చును. చిన్న సర్వరుల నిర్వాహకులు బదులు వ్రాయుట కద్దు, పెద్ద సంస్థలవలె గోడకు చెప్పినట్లుండదు. మాస్టొడానులో ఒకరికి మాత్రమే పంపు మాటను కవరులోని ఉత్తరమని భ్రమపడరాదు. అది గూఢలిపిలో బంధింపబడదు. సర్వరు నిర్వాహకుడు తలచినచో చదువగలడు. అది పోస్టుకార్డు వంటిది. ఇంటి చిరునామాయు, ఫోను నంబరును, చదువుచున్న పాఠశాల పేరును అట్టి కార్డుపై వ్రాయదగినవి కావు.